సున్నా కింద దరువు

కుప్పలోంచి పెద్ద చేపను ఏరడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. మా పేటలో చేపలమ్మే ఏ ఆడదాన్నడిగినా చేసి చూపిస్తుంది. మొదటి చేపను చేత్తో పట్టుకుంటుంది. కుప్పలోంచి ఇంకోటి తీస్తుంది. అది పెద్దదైతే చేతిలోది పక్కన పడేసి దాన్ని పట్టుకుంటుంది, కాకపోతే దాన్నే పడేస్తుంది. కుప్ప అయిపోయేసరికి చేతిలో మిగిలిందే పెద్దది. కంప్యూటర్లు కూడా ఇంతకంటే తెలివిగా ఏమీ చెయ్యవు, ఊరికే మనల్ని బెదరగొడతాయి. చిక్కల్లా ఒక్కటే. పెద్దదంటే ఏది? ఒకరు పొడుగు చూస్తారు, ఒకరు బరువు చూస్తారు, మా మరదలు నూకరత్నమైతే పొట్ట నొక్కి జన, అదే గుడ్లు, ఉందో లేదో చూస్తుంది. ఏరే చెయ్యి యంత్రానిదైనా కొలత మాత్రం మనిషే చెప్పాలి.

భీమిలి దారిలో కొండమీదున్న మా ప్రయోగశాలలో మేం కట్టిన యంత్రం సరిగ్గా ఆ పనే చేస్తుంది. దానికి 'పిలుపు' అని పేరు పెట్టుకున్నాం. తీరం పొడుగునా సముద్రం అడుగున మేం పరిచిన చెవులు రోజూ వేల చప్పుళ్ళు పైకి పంపుతాయి. పిలుపు వాటిలోంచి ఒక్కొక్కటే తీసి, తలకి టోపీ పెట్టుకుని కూర్చున్న మనిషిని పిలిచి అడుగుతుంది: ఇది నువ్వెరిగిన చప్పుడేనా? ఆ మనిషి నోరు విప్పక్కర్లేదు. ఎరిగిన చప్పుడు వినగానే బుర్రలో ఒక ఉలికిపాటు పుడుతుంది, మనకి తెలిసేలోపే. దానికే మార్కు వేస్తుంది. 'అదే' అనిపిస్తే సున్నాకి పైన, 'కాదు' అనిపిస్తే సున్నాకి కింద. చివరికి అన్నిటికన్నా ఎక్కువ మార్కు తెచ్చుకున్న చప్పుడొక్కటే దాని చేతిలో మిగులుతుంది. మిగతావాటిని మార్కులతో సహా మర్చిపోతుంది.

నా పేరు పైడితల్లి. ప్రయోగశాలలో డాక్టర్ పైడితల్లిని, కిందికి దిగి పేటలో అడుగుపెడితే ఎల్లాజీ అప్పని. ఎల్లాజీ నా తమ్ముడు. తుఫాను తోక ఇంకా పూర్తిగా పోకముందే, జతగాడికి జ్వరమొచ్చిందని ఒక్కడే పడవేసుకుని వేటకి పోయాడు, ఘనుడు. గాలి తిరిగింది. రెండో రోజుకీ రాలేదు. మూడో రోజు గాలింపు పడవలు దక్షిణానికంతా చూసి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి. గాలి మళ్ళీ ముదిరేలా ఉంది, ఇంకొక్క రోజే వెతుకుతామని వాటి కెప్టెన్ చెప్పేశాడు.

అప్పుడే వాడి పెళ్ళాం నూకరత్నం కొండెక్కి వచ్చింది. వచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా అంది.

"ఒదినా, నీ పెట్టెకి సముద్రంలో సెవులున్నాయంట కదా. మా మావ దరువు ఇనిపించదేటి?"

దరువు సంగతి చెప్పాలి. మావాళ్ళు వల చుట్టూ వేశాక, చేపల్ని వలవైపు తోలడానికి పడవ అంచుమీద తెడ్డుతో కొడతారు. ఒక్కొక్కడిదీ ఒక్కో దరువు. ఎల్లాజీది మధ్యలో తడబడి పడిపోబోయి, మళ్ళీ నిలదొక్కుకుని నవ్వినట్టుంటుంది. వాడు వేటనుంచి రాగానే ఇంటి తలుపుమీద కూడా వేళ్ళతో అదే దరువు కొడతాడు. పెళ్ళైన నాటినుంచీ రత్నం ఆ దరువుకే నిద్ర లేస్తుంది. ఇంజను పాడైనా, నోరు ఎండిపోయినా, ప్రాణముంటే వాడు ఆ తెడ్డు ఆపడు. ఆ సంగతి నాకూ తెలుసు, రత్నానికీ తెలుసు.

నాకు ఈ ఆలోచన ముందే వచ్చింది. దరువు నేనే బల్లమీద కొట్టి కంప్యూటర్‌కి నేర్పాను. అది సముద్రంలో తిరిగే ప్రతి ఇంజన్నీ ఎల్లాజీ అంది. అలిసిపోయిన చెయ్యి, నీళ్ళు నిండిన పడవ, మధ్యలో అంత సముద్రం. ఇన్ని దాటి వచ్చాక ఆ దరువు ఎలా ఉంటుందో ఏ లెక్కకీ అందదు. టోపీ నేను పెట్టుకున్నాను. నాకు గుర్తున్నది చిన్నప్పుడు పళ్ళెంమీద గరిటెతో కొట్టి అమ్మచేత తిట్లు తిన్న ఎల్లాజీ. పిలుపుకి ఆ జ్ఞాపకం ఆనలేదు, మొదటి చప్పుడు దగ్గరే వదిలేసింది.

మిగిలింది రత్నమే. ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు, కారణముంది. పిలుపు అడిగినప్పుడల్లా జ్ఞాపకం కొంచెం అరుగుతుంది. గంధపు చెక్క సానమీద అరిగినట్టు. మా ప్రయోగశాల పెద్దాయన సింహాద్రి గారు యంత్రాన్ని మొదట తనమీదే పరీక్షించుకున్నారు. వేల గొంతుల్లోంచి వాళ్ళమ్మ గొంతును ఇట్టే పట్టారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఎప్పుడు ఆ రికార్డు పెట్టినా ఆయన మర్యాదగా కూర్చుని, ఎవరో పరాయి ముసలావిడ మాట్లాడుతుంటే విన్నట్టు వింటారు. ఆ రోజునుంచి టోపీని బీరువాలో పెట్టి తాళం వేశారు, నా తమ్ముడికోసమే మళ్ళీ తీశారు.

సింహాద్రి గారు రత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా విడమరిచి చెప్పారు. ఆయన చదువు ఎంత ఉన్నా మాట మాత్రం హార్బరుదే. వాళ్ళ నాన్న చేపల వేలంలో పాట పాడించేవాడు.

"సూడమ్మా, దొరికితే దొరుకుతాడు. దొరక్కపోతే, నీకు ఆడి దరువూ మిగల్దు. రెండూ పోతాయి. ఆలోసించుకో."

"మనిషి నేకపోతే దరువెందుకు బాబూ, ముద్దులెట్టుకోడానికా?" అంది రత్నం. "ఏదీ ఆ టోపీ?"

ఆ సాయంత్రమే టోపీ పెట్టాం. చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆమె చెవుల్లోకి వెళ్ళాయి. ఓడల ఇంజన్లు, రొయ్యల చిటపటలు, రాళ్ళమీద అలలు. ఆమె కళ్ళు మూసుకుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. పని ముగిసేసరికి ముఖం పాలిపోయింది. తెరమీద ఒక్కటే మాట వచ్చింది.

ఏదీ లేదు.

"ఏదీ నేదంటే?" అంది రత్నం.

నా తమ్ముడు పోయాడని నా యంత్రమే నాకు చెప్పింది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. తిరిగొచ్చేసరికి రత్నం బల్లమీద వేళ్ళతో కొడుతోంది. దరువు మొదలుపెట్టింది, తడబాటు దాకా వచ్చింది, ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఒదినా, తర్వాత ఏటి?"

నేను కొట్టి చూపించబోయాను. టక్కున నా చెయ్యి పట్టేసుకుంది.

"వొద్దు. నువ్వు సూపించొద్దు. ఆయనే కొట్టాల."

మర్నాడు పొద్దున్న రత్నం హార్బరుకి వెళ్తానంది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది, అక్కడైతే పడవలేమైనా వస్తే కబురు తెలుస్తుంది. నేనూ వెంట వెళ్ళాను. తుఫాను తర్వాత వచ్చిన తొలి చేపలు. నలిగిపోయి, మెత్తబడి, చూడ్డానికే దిగులుగా ఉన్నాయి. వేలం మొదలైంది. మా హార్బరులో పాట ఊరికే మొదలవదు. ముందు కమిటీవాళ్ళు ఒక ధర పెడతారు, దాన్ని సర్కారు పాట అంటారు. దాని పైన పాడినవాడికే సరుకు. ఎవడూ పాడకపోతే సరుకు సర్కారుకే మిగులుతుంది, అంటే తీసి పక్కన పెడతారు.

ఆ రోజు కమిటీవాళ్ళు పాతలెక్కనే సర్కారు పాట పెట్టారు. ఆ నలిగిన చేపలకి అంత పెట్టేవాడెవడు? పాటగాడు గొంతు చించుకున్నాడు. వర్తకులు పళ్ళు కుట్టుకుంటూ నిలబడ్డారు.

"సర్కారు పాట దాటలేదు! సరుకు పక్కనెట్టండి!"

బుట్ట తాలూకు ముసలామె ఒక్క ఉదుటున లేచింది. "ఓలమ్మో! సరుకున్నాది కదేటి కళ్ళ ముందర! మీ పాట మీరు పైనెట్టీసి, సరుకే నేదన్నట్టు పక్కన తోసీడమేటి? నాను పట్టింది సేప కాదేటి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సరుకుంది. పాట పైనుంది. అంతే!

రత్నం చెయ్యి పట్టుకుని ఆటోలోకి తోసి, కొండమీదికి పరిగెత్తించాను. సింహాద్రి గారు కాఫీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టనిచ్చానా?

"సార్, పిలుపు మొదలుపెట్టేటప్పుడు చేతిలో ఏముంటుంది?"

"చేతిలోనా? సున్నా ఉంటుంది. దాని పైన ఏదొస్తే దాన్ని పట్టుకుంటుంది. ఏం?"

"ఎందుకు సున్నా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "మొదలెట్టడానికి ఏదో ఒకటుండాలి కదమ్మా. పాట మొదలవ్వాలంటే సర్కారు పాట..."

అక్కడ ఆగిపోయారు. ముఖంలో రంగు మారింది. హార్బరులో పుట్టి పెరిగిన మనిషి, వాళ్ళ నాన్న భుజంమీద కూర్చుని వేలం చూసిన మనిషి. సర్కారు పాట లేకుండా ఏరడమన్నది ఆయన బుర్రకే తట్టలేదు. మాకూ తట్టలేదు, మేమంతా ఆ రేవువాళ్ళమే. పరీక్షలప్పుడు వాళ్ళమ్మ గొంతు దగ్గర్నుంచి, స్పష్టంగా, సున్నాకి ఎంతో పైన పలికింది కాబట్టి సరిపోయింది. సముద్రం నమిలి ఉమ్మేసిన దరువు వింటే రత్నం బుర్ర మాత్రం ఏం చేస్తుంది? ప్రతిదానికీ 'కాదు' అనే అంది. ఒకదానికి గట్టిగా కాదంది, ఇంకోదానికి కొంచెం మెల్లగా కాదంది. అన్ని మార్కులూ సున్నాకి కిందే. ఆ మెల్లగా కాదన్నదే మన పెద్ద చేప. దాన్ని కాస్తా మేం సర్కారు పాట దాటలేదని పక్కకి తోసేశాం.

"చేపలమ్మే మనిషి సున్నా పట్టుకుని మొదలుపెట్టదు సార్. కుప్పలో మొదటి చేపనే పట్టుకుంటుంది, అది ఎంత చిన్నదైనా సరే."

సింహాద్రి గారు కుర్చీ లాక్కుని తనే కూర్చుని ఆ సున్నా తీసేశారు. మొదటి చప్పుడు ఏదైతే అదే మొదటి పాట. ఒక్క వాక్యం మారింది. అంత చిన్న మార్పుకి మా తమ్ముడి ప్రాణం వేలాడుతోంది. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ప్రింటర్‌ని ఒక్కటి తన్నాను.

నిన్నటి మార్కులు యంత్రం దగ్గర లేవు. ఉన్నా లాభం లేదు, పడవ ఈపాటికి ఎటో జరిగుంటుంది. ఈ ఉదయపు చప్పుళ్ళు మళ్ళీ మొదటినుంచి వినాలి. రత్నం దగ్గర దరువు సగమే మిగిలుంది. ఆ సగం సరిపోతుందో లేదో ఎవరికీ తెలియదు. సరిపోయినా, ఆ తర్వాత ఏమీ మిగలదు.

నేను చెప్పడం పూర్తికాకముందే రత్నం టోపీ పెట్టేసుకుంది.

ఈసారి తెరమీద చేతిలో ఉన్నది కనబడుతోంది. మొదటి చప్పుడు సున్నాకి ఎంతో కింద. తర్వాతది ఇంకాస్త మెరుగు, దాన్ని పట్టుకుంది. తర్వాతవి వరసగా పారేసింది. చప్పుళ్ళు సగం అయ్యేసరికి ఒకటి దొరికింది, సున్నాకి కిందే గానీ మిగతావాటికన్నా చాలా పైన. అది దక్షిణాన ఉన్న చెవి వినిపించింది. రత్నం నుదుట చెమటలు. పెదాలు కదుపుతోంది, లోపల దరువును పోగొట్టుకోకుండా పట్టుకోవడానికి. అది జారిపోతుండటం ఆమె ముఖంలో నాకు కనబడుతోంది. నాకిక చూడబుద్ధి కాలేదు.

"సార్, ఆపేద్దాం. ఇది చాలు. దక్షిణానికి పంపిద్దాం."

రత్నం కళ్ళు తెరవకుండానే అంది. "ఒదినా, బుట్టలో ఇంకా సేపలున్నాయా?"

"ఉన్నాయే. సగం ఉన్నాయి."

"అడుగున పెద్దదుంటే?"

"రత్నం, నీ..."

"ఆపితే నీ సెయ్యి ఇరిసీగల్ను. నువ్వు సదూకున్నదానివని సూడను."

నిజమే చెప్పింది. కుప్ప అయిపోయేదాకా పెద్దది ఏదో తెలియదు, ఎంత ముద్దొచ్చే చేప చేతిలో ఉన్నా సరే. నేను నోరు మూసుకుని ఆమె పక్కన కూర్చుని, అరిచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. చప్పుళ్ళు పోతున్నాయి. మార్కులు దిగుతున్నాయి, ఆమె దగ్గర గుర్తుపట్టడానికి ఇంకేమీ మిగలడం లేదు. పెదాలు కదపడం కూడా మానేసింది. మా తమ్ముణ్ణి తలుచుకుని, వాడు పడవమీద ఒంటరిగా ఉంటే ఇది ఇక్కడ ఒంటరిగా ఉందే అనిపించి, నాకు దుఃఖం ఆగలేదు.

కుప్ప అడుగుకొచ్చింది. ఉన్నట్టుండి నా చేతిలో ఉన్న ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

తెరమీద చేతిలో ఉన్నది మారింది. కొత్త చప్పుడు. సున్నాకి కిందే. కానీ దక్షిణపు చప్పుడుకంటే పైన! ఆ చెవి ఉత్తరాన, కళింగపట్నం దాటి ఎక్కడో ఉంది. అక్కడ ఎవ్వరూ వెతకలేదు. మిగిలిన నాలుగు చప్పుళ్ళూ అయిపోయాయి. చెయ్యి మారలేదు.

సింహాద్రి గారు గాలింపు కెప్టెన్‌కి ఫోను చేశారు. స్పీకరులో ఆయన విసుగు గది నిండా వినబడింది. "ఉత్తరమా? ప్రవాహం దక్షిణానికుంటే ఉత్తరానికెలా పోతాడండీ? పైగా మీ యంత్రం కూడా కాదనే అంటోందిగా, సున్నాకి కింద అంటే?"

సింహాద్రి గారు తడబడ్డారు. ఫోను నేను లాక్కున్నాను.

"కెప్టెన్ గారూ, యంత్రం కాదనడం కాదు. ఆ సముద్రంలో ఉన్న ప్రతి చప్పుడునీ గట్టిగా కాదంది, దీన్నొక్కదాన్నే కాదనలేక కాదంది. నా తమ్ముడు గాలి తిరగ్గానే తెరచాప ఎత్తి ఉంటాడు, గాలి ఉత్తరానికే ఉంది. ఇవాళ ఎలాగూ చివరి రోజంటున్నారు. ఉత్త దక్షిణానికి రెండోసారి పోయే బదులు ఉత్తరానికి ఒక్కసారి పోండి. ఉత్త చేతులతో వస్తే వచ్చి నన్ను తిట్టండి, పడతాను."

"సరేనమ్మా. తిట్లు రెడీగా పెట్టుకుంటాను," అన్నాడు కెప్టెన్, నవ్వుతూనే.

రత్నం టోపీ తీసేసింది. బల్లమీద వేళ్ళు పెట్టింది. ఎంతసేపు చూసినా వేళ్ళు కదల్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు ఆమెకి. "కాళీ అయిపోనాది ఒదినా," అంది. ఏడవలేదు. పళ్ళెంలో పెట్టిన ఇడ్లీలు మొత్తం తినేసి, "హార్బరుకి పోదాం పద," అంది.

పొద్దు వాలేవేళకి కబురొచ్చింది. ముందు వైర్‌లెస్‌లో వచ్చింది, అక్కణ్ణుంచి హార్బరంతా పాకింది. ఎవడో ఐసు బండిమీదెక్కి అరిచాడు: "దొరికీసినాడు! ఎల్లాజీ దొరికీసినాడు!" అంతే, వలలు వదిలేసి మగాళ్ళు, బుట్టలు వదిలేసి ఆడాళ్ళు జెట్టీమీదికి పరిగెత్తారు. పొద్దున్న కమిటీతో దెబ్బలాడిన ముసలామె నూకాలమ్మకి కోడిని మొక్కుకున్నానని ఊరందరికీ చెబుతోంది. డప్పులు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు. సింహాద్రి గారు, మా ప్రయోగశాల పెద్దాయన, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఆ గుంపులో చిందులేశారు. నేను చూశాను, ఆయన కాదన్నా సరే.

గాలింపు పడవ వచ్చి ఆగింది. ఎల్లాజీని ఇద్దరు పట్టుకుని దింపారు. ఎండకి నల్లగా కమిలిపోయాడు, పెదాలు పగిలిపోయాయి. చేతిలో మాత్రం ఆ విరిగిన తెడ్డు ముక్క వదల్లేదు. కెప్టెన్ నా దగ్గరికొచ్చాడు.

"ఇంజను ఆపితేగానీ వినబళ్ళేదమ్మా. కొడుతూనే ఉన్నాడు. మమ్మల్ని చూశాక కూడా చెయ్యి ఆగలేదు."

రత్నం గుంపును చీల్చుకుని వెళ్ళింది. ముఖం మర్చిపోలేదు, మనిషిని మర్చిపోలేదు, పిలుపు అడిగింది ఒక్క దరువునే. రెండు చేతులతో వాడి ముఖం పట్టుకుని, పేటంతా చూస్తుండగా చెంపమీద ఒక్కటి పీకింది.

"తుపానులో యేటకెల్తావేటి? ఎల్తావేటి మళ్ళీ?" అంటూ వాణ్ణి కావలించుకుంది. అప్పుడు ఏడ్చింది, పేటంతా వినేలా.

రాత్రి వాణ్ణి ఆస్పత్రిలో ఉంచి సెలైను పెట్టారు. రత్నం ఇంటికెళ్ళి గంజి కాస్తానని వెళ్ళాక, నేను వాడికి సంగతంతా చెప్పాను. దరువు ఖరీదు చెప్పాను. వాడు పైకప్పు చూస్తూ విన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"మొత్తం పోనాదా అప్పా?"

"మొత్తం పోయింది. నేను చూపిస్తానంటే వొద్దంది. నువ్వే కొట్టాలంట."

వాడు చెయ్యెత్తి ముఖం తుడుచుకున్నాడు. "మంచిదే. నాను మర్సిపోనేదు కదా," అన్నాడు.

తెల్లవారుతుండగా నేను రత్నం ఇంట్లో ఉన్నాను. పొయ్యిమీద గంజి ఉడుకుతోంది, ఆమె దాన్ని కలుపుతోంది. ఆస్పత్రినుంచి ఎప్పుడు పంపిస్తారో డాక్టరు చెప్పలేదని ఇద్దరం డాక్టర్ని తిడుతున్నాం. తలుపుమీద వేళ్ళ చప్పుడైంది. మొదలైంది, మధ్యలో తడబడింది, పడిపోబోయి నిలదొక్కుకుని నవ్వింది.

"ఎవులది?" అంది రత్నం, గంజి కలుపుతూనే.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. తలుపుమీద మళ్ళీ వేళ్ళు పడ్డాయి, ఈసారి మెల్లగా, ఓపిగ్గా, చంటిపిల్లకి మాటలు నేర్పినట్టు.

రత్నం గరిటె వదిలేసింది. తలుపు దగ్గరికెళ్ళి, గడియ తియ్యకుండా, చెక్కకి చెవి ఆనించింది. ఆమె ముఖం చూడాలి మీరు. పెళ్ళిచూపుల నాడు కూడా ఆ మెరుపు లేదు, ఆ రోజు అక్కడ నేనున్నాను.

"ఒదినా," అంది గుసగుసగా, "ఎంత బావున్నాదో ఇది! ఇలగ ఎవులూ కొట్టగా నానెప్పుడూ ఇన్నేదు."

"తలుపు తియ్యవే, నిలబడలేడు వాడు!"

"ఉండొదినా. ఇంకొక్కపాలి కొట్టనీ."

బయట, ఆస్పత్రినుంచి చెప్పకుండా వచ్చేసిన మా తమ్ముడు నవ్వాడు. మూడోసారి కొట్టాడు, తలుపు అదిరేలా. రత్నం గడియ తీసింది.